పసుపన్నం కొన ఎవరికి?

మే 2

పిల్లలకోసం రాస్తున్న కథలో ఐదో భాగం చివర మెంతిక్‌ని వాకిట్లో నిలబెట్టి వచ్చేశాను. ఏడాదిన్నర అయింది. పాపం ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. వీధి మలుపులో న్యాయి గెని, భుజాన సంచి. అన్నం వండే వెదురు బుట్టలోంచి, ఆవిరిలోంచి, ఈ మెంతిక్‌ని పుట్టించి పిల్లల్లేని వితంతువు చేతిలో పెట్టిన రాక్షసి ఆమె. పదిహేడేళ్ళు నిండాక పిల్లను తిరిగి ఇచ్చేయాలని షరతు. గడువు తీరింది, వచ్చింది. తీసుకుపోతుందా, లేదా? చదివే పిల్లలందరికీ కావలసింది అదొక్కటే. నాకూ అదే.

ఆరో భాగమే ఆఖరిది. ప్రచురణ సంస్థ నుంచి హెస్తి ఇవాళ మళ్ళీ ఫోన్ చేసింది. "అక్కా, ఆ రాక్షసిని చంపుతావో, దానికి పెళ్ళి చేస్తావో నీ ఇష్టం. ముప్పై ఒకటో తారీఖుకి ప్రతి నా బల్ల మీద ఉండాలి" అంది. అలాగే అన్నాను. ఆ మాట అనడం నాకు బాగా వచ్చు.

అసలు సంగతి ఇక్కడైనా రాసుకోవాలి. పోయినేడు ఒక పత్రికవాళ్ళతో గొప్పగా చెప్పాను, ముగింపు నా సొంతం కాదు, క్లాతెన్‌లో మా పెద్దమ్మ బుదె వగియెమ్ చెప్పిన ముగింపే రాస్తానని. బుదె ఆ ముగింపు ఎప్పుడూ చెప్పలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, బుట్టలో అన్నం ఆవిరి పట్టేదాకా కథ చెప్పేది. చివరికి వచ్చేసరికి, "నీకు పదిహేడు రానీ, అప్పుడు చెప్తా" అనేది. పదమూడుకే నేను సెమరాంగ్ వచ్చేశాను.

కాబట్టి నేను ఊరంతా చాటిన ముగింపు అసలు లేనే లేదు.

మే 3

రాయలేదు. వేయించిన అరటిపండ్లు తిన్నాను, ఆరు.

మే 6

సలతిగా నుంచి ఒక బడి పిల్లల ఉత్తరాల కట్ట వచ్చింది. రెండు పార్టీలు. ఒకటి 'చంపండి' పార్టీ, రెండోది 'క్షమించండి' పార్టీ. చంపండి పార్టీవాళ్ళు ఎలా చంపాలో బొమ్మలు కూడా వేసి పంపారు. ఒక బొమ్మలో న్యాయి గెని వేడి నూనెలో ఉంది, పక్కన ఉల్లిపాయలు. ఆ బొమ్మ వేసిన పిల్లకు భవిష్యత్తు ఉంది.

రతిహ్ అనే పిల్ల మాత్రం ఏ పార్టీలోనూ లేదు. 'ఐదు భాగాల్లో అబద్ధం ఆడనిది న్యాయి గెని ఒక్కతే. కావాలంటే చూసుకోండి' అని రాసింది. మధ్యాహ్నమంతా కూర్చుని చూశాను. నిజమే. మెంతిక్ ఆడింది, వితంతువు ఆడింది, చివరికి కథలో కోతి కూడా ఆడింది. రాక్షసి ఆడలేదు. నేను కావాలని అలా రాయలేదు.

మే 8

ఇబు నాలుగో అధ్యాయం చదివి ఇచ్చింది. మా అమ్మే నా మొదటి పాఠకురాలు. ముందుగదిలో కుట్టుమిషన్ మీద కాగితాలు పెట్టుకుని, నోట్లో గుండుసూదులతో చదువుతుంది. తప్పు కనబడితే ఆ గుండుసూదే కాగితానికి గుచ్చుతుంది. నాలుగో అధ్యాయానికి పదకొండు సూదులు.

"ఈ పుస్తకం మొత్తంలో పని చేసే మనిషి ఆ రాక్షసి ఒక్కతే. మిగతావాళ్ళంతా ఏడుస్తూ పరిగెత్తడమే" అంది.

ఇబుకి న్యాయి గెని అంటే మొదటినుంచీ ఇష్టం. రాక్షసులంటే ఇష్టపడేవాళ్ళు ఉంటారు. అందులో వింత ఏమీ లేదు.

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి, లేకపోతే హెస్తిలాంటి వాళ్ళు ఏదో ఒకటి అంటారు. నన్ను రెండేళ్ళప్పుడు బుదెకి ఇచ్చారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఆమెకు పిల్లల్లేరు. బంధువుల పిల్లను తెచ్చి ఒళ్ళో కూర్చోపెట్టుకుంటే ఆ ఒళ్ళోకే సొంతబిడ్డ వస్తుందని మా వైపు నమ్మకం. చేపకు ఎర వేసినట్టు. నేనే ఆ ఎర. చేప పడలేదు, ఎర మాత్రం పదకొండేళ్ళు అక్కడే హాయిగా పెరిగింది. తర్వాత ఇబు వచ్చి నన్ను తీసుకొచ్చేసింది. అంతే. మా ఇళ్ళల్లో ఇది మామూలే. పుస్తకానికీ దీనికీ సంబంధం లేదు.

మే 9

సంబంధం లేదు అని నిన్న రాసింది ఇవాళ చదువుకున్నాను. సంబంధం లేదు.

మే 12

న్యాయి గెనిని చంపాను! పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండున్నరకల్లా పూర్తి. వితంతువు మరిగే ఎసరు కుండ తన్నేసింది, రాక్షసి ఆవిరైపోయింది. ఆవిరిలోంచి వచ్చిన పిల్ల, ఆవిరైపోయిన రాక్షసి. ఎంత చక్కగా అమరింది! నన్ను నేనే మెచ్చుకుని కాఫీ పెట్టుకున్నాను.

ఇబు చదివింది. ఒక్క సూది కూడా గుచ్చలేదు. "వాక్యాలు బాగున్నాయి" అని కాగితాలు సరిచేసి ఇచ్చింది. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. ఎండ ఎక్కువగా ఉంది కదా, అందుకే అయ్యుంటుంది.

మే 13

ఎండ కాదు. ఇవాళ మబ్బు పట్టింది, ఇవాళా సరిగ్గా తినలేదు.

మే 15

ఇవాళ జరిగింది జరిగినట్టే రాస్తాను.

పొద్దున ఇబు మిషన్ దగ్గర కూర్చుని, దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆ రాక్షసికి నా చెప్పులెందుకు తొడిగావు?"

ఏ చెప్పులన్నాను. ఆకుపచ్చ ప్లాస్టిక్ చెప్పులు అంది. రెండో భాగం, మూడో అధ్యాయం. వాటితోపాటు ఒంటికి రాసుకునే కాయుపుతిహ్ నూనె వాసన. ఎడమకాలు కొంచెం ఈడ్చే నడక. నడుస్తూ గొణుక్కోవడం. అన్నీ వరసగా చెప్పింది, బట్టలకు కొలతలు చెప్పినట్టు.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"నేను దర్జీదాన్నే నస్తీ. ఒంటి కొలత చూస్తే ఎవరిదో తెలియదా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. ముప్పైనాలుగేళ్ళ దాన్ని. ఇబు మిషన్ ఆపలేదు. కోపం లేదంది. ఐదు పుస్తకాల్లో తనకంటే బాగా రాసింది ఇంకెవరినీ కాదంది. ఒక్కటి మాత్రం తప్పు రాశావంది. సంచి.

కథలో న్యాయి గెని ఏటేటా సంచి పట్టుకుని ఊరి చివరికి వస్తుంది. పిల్లను అందులో వేసుకుపోవడానికి. నాకు అలాగే గుర్తు. ప్రతి పండక్కీ ముందు ఇబు సంచితో బస్సు దిగేది. నేను అన్నంబుట్టల వెనక దాక్కునేదాన్ని. సాయంత్రం బస్సు వెళ్ళేదాకా బయటికి వచ్చేదాన్ని కాదు.

"ఒక్క ఏడాదికని ఇచ్చాను నిన్ను. ఏడాది కాగానే తీసుకుపోదామని వచ్చాను. మీ బుదె మొహం చూసి, మళ్ళీ ఏడు చూద్దాంలే అనుకున్నా. ఆ మళ్ళీ ఏడు పది సార్లు వచ్చింది" అంది. "ఆ సంచిలో ఏముందో నువ్వెప్పుడైనా చూశావా?"

లేదన్నాను.

"గౌను. ప్రతి ఏడూ ఒకటి. నువ్వు కనబడితే కదా కొలత తీసుకోవడానికి. ఊహించి కుట్టేదాన్ని. తప్పితే ఇబ్బందని ఓ అంగుళం పొడుగే పెట్టేదాన్ని."

పండక్కి నాకు ప్రతి ఏడూ కొత్త గౌను ఉండేది. ఎప్పుడూ ఒక అంగుళం పొడుగు. అంచు మడిచి కుట్టేది బుదె. బజారులో కొన్నానని చెప్పేది.

ఇబుతో ఆ మాట చెప్పాను. మిషన్ ఆపి, "వేసుకున్నావుగా" అంది. మళ్ళీ మిషన్ తొక్కింది.

మే 16

ఎసరు కుండ అధ్యాయం చించేశాను. న్యాయి గెని బతికే ఉంది. ఇబు మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకుంది.

మే 19

క్లాతెన్ వెళ్ళాను. బుదెతో పోట్లాడదామనే వెళ్ళాను.

డెబ్బైఏళ్ళొచ్చినా బుదె తెల్లారకుండా లేచి అన్నం అమ్ముతుంది. నేను వెళ్ళేసరికి ఆఖరి పొట్లం కడుతోంది. నన్ను చూడగానే చిక్కిపోయావంది. నేను చిక్కలేదు. అరటిపండ్లు సాక్ష్యం.

గౌన్ల సంగతి అడిగాను. సిగ్గుపడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది.

"మీ అమ్మ కుట్టిందని చెప్తే నువ్వు వేసుకునేదానివా? నూతిలో పడేసేదానివి. అప్పుడు నీ మొండితనం మామూలుదా? పిల్ల ఒంటి మీద గౌను ఉండాలి, ఎవరి పేరైతే ఏం?"

పేరు అబద్ధం చెప్పావు కదా అన్నాను. చెప్పాను, ఏం చేస్తావ్ అంది. తర్వాత పొయ్యిలో బూడిద తీస్తూ, అటు తిరిగి, మెల్లగా అంది. "ఒక్క గౌనైనా నేను కొన్నదని అనుకోవాలనిపించింది. అదీ నిజమే."

అప్పుడిక పోట్లాడటానికి ఏం మిగిలింది! ముగింపు అడిగాను. ఆ రాక్షసి వచ్చి ఏం చేస్తుంది బుదే, చివరికి?

తెలీదంది. తనకూ తెలీదట. మా అమ్మమ్మ తనకు చెప్పిన కథలో ముగింపు ఉండేదట, నేను వచ్చాక అది మర్చిపోయిందట. "ఇచ్చినవాళ్ళు తిరిగి అడగడానికి వచ్చే రోజు గురించి నేనెందుకు చెప్పాలి? ఆ రోజు ఎంత దూరం జరిగితే అంత మంచిది. అందుకే నీకు పదిహేడు రానీ అన్నా. పదమూడుకే వచ్చింది."

పదమూడేళ్ళప్పుడు నేను బస్సెక్కే రోజున, తనను అమ్మా అన్నట్టు సింబోక్ అని పిలవొద్దని, ఇకనుంచి పెద్దమ్మా అన్నట్టు బుదె అనాలని చెప్పింది. అది ఇబు పెట్టిన ఆజ్ఞ అని ఇరవైయొక్కేళ్ళు అనుకున్నాను. అది కూడా ఇవాళ అడిగాను. కాదు, తనే అనుకుందట. పిల్లకి ఇద్దరు అమ్మలుంటే కొత్త బళ్ళో నవ్వుతారని.

తిరుగు బస్సులో కూర్చుని లెక్కేసుకుంటే, నేను కోపం తెచ్చుకోవడానికి ఎవరూ మిగల్లేదు. కొంచెం నిరాశగా ఉంది. చాలా తేలిగ్గా కూడా ఉంది.

మే 24

దొరికింది. తుంపెంగ్! పండగల్లో పెట్టే పసుపన్నం గోపురం.

పదిహేడో పుట్టినరోజు. వితంతువు ఆ వెదురు బుట్టలోనే పసుపన్నం వండి, చాప మీద గోపురంలా బోర్లిస్తుంది. పిల్ల పుట్టిన బుట్టే! ఇన్నేళ్ళూ నా కళ్ళముందే ఉంది, చూడలేదు. న్యాయి గెని వాకిట్లోకి వస్తుంది. అందరూ పారిపోతారు. మెంతిక్ కత్తి తీసుకుంటుంది. 'చంపండి' పార్టీ ఊపిరి బిగబట్టాలి. మెంతిక్ ఆ కత్తితో గోపురం కొన కోసి, అందరికంటే గౌరవించాల్సినవాళ్ళకు పెట్టే ఆ మొదటి ముద్దను, రాక్షసి చేతిలో పెడుతుంది. నువ్వూ నా అమ్మవే అంటుంది.

ఇరవై పేజీలు ఒక్క ఊపులో వచ్చాయి. నాలుగు రోజులు బతికినట్టుంది ఈ ఒక్కరోజులో.

మే 28

చిన్న చిక్కు. మెంతిక్ కొన కోసి రాక్షసికి ఇచ్చేటప్పుడు వితంతువు ఎక్కడ ఉంది? మొదట పక్కనే నిలబెట్టాను. ఆమె మొహం ఎలా ఉందో రాయాల్సి వచ్చింది. రాయలేకపోయాను. వంటింట్లోకి నీళ్ళు తేవడానికి పంపించాను.

నీళ్ళు అవసరమే. అన్నం తింటారు కదా.

మే 31

పంపేశాను. హెస్తి మధ్యాహ్నానికే చదివి ఏడ్చిందట. బాగుందట. "వితంతువు నీళ్ళకోసం ఏ ఊరు వెళ్ళిందక్కా, చివరిదాకా రాలేదు?" అని అడిగింది. తర్వాత చూద్దామన్నాను.

జూన్ 9

అచ్చు కాగితాలు శనివారం వస్తాయి. సోమవారం ముద్రణకు వెళ్ళాలి. ఇంట్లో చిన్న విందు పెట్టి, తుంపెంగ్ కోసి పుస్తకాన్ని పంపుదామని హెస్తి పట్టుదల. సలతిగా నుంచి రతిహ్‌ని, ఇంకో ఇద్దరు పిల్లల్ని పిలిచింది. కొన కోసేటప్పుడు ఫోటో కావాలట, ప్రచారానికి.

వండటానికి బుదె వస్తానంది. ఇబు ఉండే ఇంటికి బుదె రావడం ఇరవైయొక్కేళ్ళలో ఇదే మొదలు. ఇబుకి చెప్పాను. "రానీ. కూరలూ వేపుళ్ళూ నేను చేస్తా, లేకపోతే ఉప్పుండదు" అంది.

జూన్ 11

ఫోటోలో కొన ఎవరికి ఇవ్వాలి?

జూన్ 12

కొనను రెండు ముక్కలు చేస్తే? కొన రెండు ముక్కలైతే అది కొన కాదు.

జూన్ 13

రెండు తుంపెంగ్‌లు చేయించనా అని హెస్తిని అడిగాను. ఒక పుస్తకానికి రెండు గోపురాలేంటక్కా, దుకాణం పెడుతున్నామా అంది.

మెంతిక్‌కి ఇంత కష్టం కాలేదు. వితంతువును వంటింట్లోకి పంపేసింది కాబట్టి. నేను పంపించాను కాబట్టి.

జూన్ 14

బుదె పొద్దున ఏడింటి బస్సు దిగింది. చేతిలో ఒకే ఒక్క సామాను, మసిబారిన అన్నంబుట్ట. ఇబు గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇబు "ఇంకా ఆ పాత బుట్టేనా?" అంది. బుదె "ఇంకా ఆ పాత చెప్పులేనా?" అంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

పదకొండింటికి అందరం చాప చుట్టూ కూర్చున్నాం. మధ్యలో పసుపన్నం గోపురం, చుట్టూ కొబ్బరి కలిపిన ఆకుకూర, గుడ్లు, సోయాగింజల టెంపె వేపుడు. ఒకవైపు బుదె, సరిగ్గా ఎదురుగా ఇబు. రతిహ్ వాళ్ళు ముగ్గురూ న్యాయి గెని గోళ్ళు అంటించుకుని వచ్చారు, వాటితో అన్నం ఎలా తింటారో మరి. హెస్తి ఫోను పట్టుకుని, కోయక్కా అంది.

కత్తి పట్టుకున్నాను. బుదె వైపు చూశాను, ఇబు వైపు చూశాను. ఎవరికి ఇచ్చినా రెండోవాళ్ళు పైకి నవ్వేస్తారు, అదే భయం. కత్తి కొన మీద ఆన్చాను.

"ఏం చేస్తున్నావ్?" అంది బుదె.

"కొన కోస్తున్నా బుదే."

"తల నరుకుతావా? ఎవరు నేర్పారు నీకు?"

హెస్తి అందరూ అలాగే చేస్తారంది. ఆఫీసుల్లో, పెళ్ళిళ్ళలో, టీవీలో కూడా. బుదె ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. నా చేతిలో కత్తి లాక్కుని, చెంచా పెట్టింది.

"తుంపెంగ్‌ని పైనుంచి కోయకూడదు. కొన ఎవరికీ చెందదు, అది పైవాడిది. కిందనుంచి తవ్వాలి, ఎవరి వైపు నుంచి వాళ్ళు. అందరూ తింటుంటే కొన దానంతటదే దిగొస్తుంది. దిగొచ్చాక అన్నంలో కలిసిపోతుంది. నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు పెట్టాను ఇలా, మర్చిపోయావా?"

మర్చిపోయాను. ఒక పుస్తకం మొత్తం మర్చిపోయి రాశాను.

"సరే సింబోక్" అన్నాను. నోరు జారింది. అందరూ విన్నారు. బుదె గుడ్డు ఒలుస్తూ ఆగింది. నేను ఇబు వైపు చూశాను. ఇబు చెంచా తీసుకుని, "పిల్ల పిలుస్తుంటే పలకవేంటి?" అంది వాళ్ళక్కతో.

తవ్వడం మొదలుపెట్టాం. అటునుంచి బుదె, ఇటునుంచి ఇబు, పక్కలనుంచి మేం. మొదట మర్యాదగా, తర్వాత ఆకలిగా. రతిహ్ గోళ్ళు పీకేసి తింది. గోపురం సన్నబడింది. నడుమున చిన్న చిల్లు పడింది, అందులోంచి బుదె చెంచా ఇటు వచ్చింది, ఇబు చెంచాకి తగిలింది. ఇద్దరూ ఆ చిల్లులోంచి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఉప్పు తక్కువైందక్కా" అంది ఇబు.

"నలభైఏళ్ళనుంచి ఇదే మాట. మళ్ళీ ఒక్క మెతుకు వదలవు" అంది బుదె.

అంతలో కొన కొంచెం వంగి, మెల్లగా జారి, మధ్యలో కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెస్తి ఫోటో తీయడం మర్చిపోయింది, ఆమె నోట్లో టెంపె ఉంది. కాసేపటికి చూస్తే కొన ఏదో, అన్నం ఏదో తెలియలేదు.

చెయ్యి కడుక్కుని నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళాను. అచ్చు కాగితాల్లో చివరి నాలుగు పేజీలు కొట్టేశాను. హెస్తి గుమ్మంలో నిలబడి, సోమవారం ముద్రణ అక్కా, సోమవారం అక్కా అని జపం చేసింది. వితంతువును వంటింట్లోంచి పిలిచాను. చాపకు ఒకవైపు కూర్చోబెట్టాను. న్యాయి గెనిని ఎదురుగా. కత్తి తీసేసి, చెంచాలు పెట్టాను.

సాయంత్రం బుదె బస్సుకు వెళ్ళలేదు. ఇబు గదిలో ఇద్దరూ మంచం మీద కూర్చుని ఎవరినో ఆడిపోసుకుంటున్నారు. నన్నే అయ్యుంటుంది.

జూన్ 15

కొత్త పేజీలు ఇబుకి ఇచ్చాను. బుదెకి చదవడం కష్టం కాబట్టి, ఇబు పైకి చదివి వినిపించింది. అంతా అయ్యాక ఒకే ఒక్క గుండుసూది గుచ్చి ఇచ్చింది.

"రాక్షసి సంచి పక్కన పెట్టి కూర్చుంది కదా. ఆరు పుస్తకాలనుంచి మోస్తోంది. విప్పవేం?"

విప్పాను. లోపల ఏముందో నేను ఊహించాల్సిన పనే లేకపోయింది. న్యాయి గెని పచ్చగౌను తీసి మెంతిక్ భుజాలకు ఆన్చి చూసింది. అంగుళం పొడుగు. వితంతువు లేచి సూదీ దారం తెచ్చింది, అంచు మడవడానికి.

అంకితం పేజీ ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది. ఇవాళ రాశాను. 'సింబోక్‌కి, ఇబుకి. ఎవరి వైపు నుంచి వాళ్ళకు.'

జూన్ 16

ప్రతి వెళ్ళిపోయింది.

మెంతిక్ వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చింది. ఏడాదిన్నర నిలబడే ఉంది కదా పిల్ల. ముందు కూర్చుని అన్నం తినమన్నాను.